లైట్ రైల్ మా వీధి మీదుగా వస్తుందంటున్నారు, రూటు మార్పించగలమా?

మీ ప్రశ్న ఇది: రేణిగుంట నుంచి తిరుపతి ఊళ్లోకి వచ్చి అలిపిరి దాకా లైట్ రైల్ వేస్తారని మాట వినబడుతోంది, ఏదో మ్యాపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, అందులో గీత కొర్లగుంటలో మీ వీధి మీదుగా పోతోంది. అధికారులు కాలనీ వాళ్లను మీటింగ్‌కి పిలిస్తే ఏం అడగాలి, రూటు మార్పించడం అయ్యే పనేనా, ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాం, వేయొచ్చా అని అడిగారు.

రూటు మార్పించడం అయ్యే పనే, కానీ డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక, ఆమోదం పొందకముందే అవుతుంది. టెండర్లు పిలిచాక పిల్లర్‌ని అటో ఇటో కొన్ని మీటర్లు జరుపుతారు, అంతకుమించి ఏమీ కదలదు. రెండోది, "ప్రాజెక్టే వద్దు" అని వంద మంది అరిస్తే మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, "స్థానికులు వ్యతిరేకించారు" అని ఒక్క లైను పడి ఊరుకుంటుంది. అదే "ఫలానా మలుపు దగ్గర, ఫలానా కారణంతో, గీత ఇటు జరపండి" అని ఒక్కరు రాసిచ్చినా దానికి జవాబు రాయాల్సిన పని వాళ్ల మీద పడుతుంది. నేను చాలా ఏళ్లు కన్సల్టెన్సీల తరఫున ట్రాఫిక్ సర్వేలు, అలైన్‌మెంట్ (అంటే దారి గీత ఎటు పోవాలో తేల్చే) పనులు చేశాను, ఇలాంటి మీటింగుల్లో అధికారుల పక్కన కూర్చుని జనం చెప్పేవి రాసుకున్నవాణ్ని, ఇప్పుడు తిరుపతిలోనే ఉంటున్నాను. కాబట్టి రెండు వైపులా ఏం జరుగుతుందో తెలిసి చెబుతున్నా.

ముందు ఆ వాట్సాప్ మ్యాపు సంగతి. ఊరంతా ఒక పేజీలో పట్టేలా గీసిన మ్యాపులో గీత మందమే ఒక వీధి అంత ఉంటుంది. దాన్ని చూసి మీ ఇల్లు పోతుందనీ చెప్పలేం, మిగులుతుందనీ చెప్పలేం. మొదటి దశలో మూడు నాలుగు ప్రత్యామ్నాయ గీతలు గీస్తారు, వాటిలో ఏదో ఒకటి బయటికి వచ్చి "ఇదే ఫైనల్" అని తిరుగుతుంది. దాని మీద టెన్షన్ పడి రాత్రులు నిద్ర మానుకోవద్దు. మీరు అడగాల్సిన కాగితం వేరే ఉంది. 2017 మెట్రో రైల్ పాలసీ ప్రకారం కేంద్రం సాయం కావాలంటే ప్రత్యామ్నాయాల విశ్లేషణ తప్పనిసరి. అంటే ఈ దారిలో రైలే ఎందుకు, బస్సులకు ప్రత్యేక దారి వేస్తే సరిపోదా, ఈ రూటే ఎందుకు, పక్క రూటు ఎందుకు కాదు అని లెక్కలతో చూపించాలి. మీటింగ్‌లో మొదటి ప్రశ్న ఇదే అవ్వాలి: ఆ విశ్లేషణ నివేదిక చేశారా, చేస్తే కాపీ ఇస్తారా? చేయలేదని చెబితే అదే మంచి వార్త. గీత ఇంకా పెన్సిల్‌లోనే ఉందన్నమాట, మీ మాట వినే టైముంది. కాపీ ఇవ్వకపోతే పది రూపాయలు కట్టి ఆర్టీఐ పెట్టండి, ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

అదే పాలసీ ఇరవై లక్షల జనాభా దాటిన నగరాలకే మెట్రో లాంటి వాటి ఆలోచన మొదలుపెట్టొచ్చు అంటుంది. 2011 జనాభా లెక్కల్లో మన నగరం 2.87 లక్షలు. ఊరు అప్పటి నుంచి బాగా పెరిగింది, రోజూ వచ్చే భక్తులు వేరే లెక్క, అయినా పెద్ద మెట్రోకి సరిపోయే ఊరు కాదు. అందుకే "లైట్" అనే మాట వస్తోంది. 2019లో కేంద్రం చిన్న నగరాల కోసం మెట్రోలైట్ ప్రమాణాలు విడుదల చేసింది. మూడు బోగీలు, సుమారు మూడు వందల మంది పట్టే బండి, రద్దీ గంటలో ఒక దిశలో పదిహేను వేల మంది దాకా ప్రయాణించే దారులకు. 2020లో ఇంకా తక్కువ రద్దీకి, ఎనిమిది వేల దాకా, రబ్బరు టైర్ల మీద నడిచే మెట్రోనియో వచ్చింది. కాబట్టి రెండో ప్రశ్న: రేణిగుంట నుంచి అలిపిరి దారిలో రద్దీ గంటకి ఒక దిశలో ఎంతమంది అని లెక్క తేలింది? ఆ ఒక్క అంకె చెప్పకుండా ఎవరైనా రైలు గురించి మాట్లాడితే అది ఇంకా ఊహే.

ఆ లెక్క ఏ రోజు తీశారో కూడా అడగండి. మామూలు ఊళ్లలో మంగళవారమో బుధవారమో లెక్కపెట్టి సగటు తీస్తారు, ఉద్యోగాలకు వెళ్లే ఊళ్లకి అది సరిపోతుంది. మన ఊరి రద్దీ అలా ఉండదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఒక ఊరు, మిగతా రోజులు ఇంకో ఊరు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు వేరే. పైగా భక్తుడికి బ్యాగులుంటాయి, చంటిపిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు, తెల్లవారుజామున మూడింటికి రైలు దిగుతాడు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నడిచే బండి అతనికి పనికిరాదు. ఊరి మనిషికేమో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, యూనివర్సిటీలు, బస్టాండు, మార్కెట్టు కావాలి. ఈ ఇద్దరి అవసరాలు ఒకే గీత మీద కుదరకపోవచ్చు. నేను పనిచేసిన ఒక గుళ్ల ఊరిలో ఒక సంస్థ పండగలేని వారంలో లెక్క తీసి ఏడాదంతా అంతే అని రాసేసింది. స్థానిక లాడ్జీల వాళ్లు తమ రిజిస్టర్లలో గదులు నిండిన రోజుల వివరాలు తెచ్చి చూపిస్తే మళ్లీ సర్వే చేయాల్సి వచ్చింది. అలాంటి సాక్ష్యం మీ ఊళ్లో మీ దగ్గరే ఉంటుంది. ఆటో స్టాండు వాళ్లని అడగండి, వాళ్లకి తెలిసినంత ఏ కన్సల్టెంట్‌కీ తెలియదు.

ఇక అసలు విషయం, వెడల్పు. చాలా మీటింగుల్లో దీని గురించి ఎవరూ అడగరు, తీరా ఇళ్ల గోడల మీద ఎర్ర పెయింట్ గుర్తులు పడ్డాక గొడవ మొదలవుతుంది.

మెట్రోలైట్‌ని వీలైనంత వరకు రోడ్డు మీదే, నేల మట్టంలో వేయాలని ప్రమాణాల ఉద్దేశం, ఖర్చు తగ్గుతుంది కాబట్టి. పట్టాలకు ప్రత్యేక దారి ఉంటుంది, రెండు వైపులా కంచె ఉంటుంది. రెండు లైన్లకి ఏడెనిమిది మీటర్లు వేసుకోండి. అటూ ఇటూ రెండేసి లేన్లు ఉంచాలంటే పద్నాలుగు మీటర్లు, ఫుట్‌పాత్‌లు చెరో రెండు మీటర్లు. మొత్తం ఇరవై ఐదు, ఇరవై ఆరు మీటర్లు, స్టేషన్ ఉన్నచోట ప్లాట్‌ఫారాలకి ఇంకో నాలుగైదు మీటర్లు. అంటే వంద అడుగుల రోడ్డు కావాలి. తిరుపతి పాత ఊళ్లో అరవై అడుగుల రోడ్డే పెద్ద రోడ్డు. మిగతా నలభై అడుగులు ఎక్కడి నుంచి వస్తాయి? ఇళ్ల ముందు భాగాల నుంచి రావాలి, లేదా వాహనాలకి లేన్లు తగ్గించాలి, లేదా పైకి ఎత్తాలి. ఈ మూడింట్లో మీ వీధికి ఏది అనుకుంటున్నారో మీటర్లలో చెప్పమనండి. "సర్దుబాటు చేస్తాం" అనే జవాబు ఒప్పుకోవద్దు. అడ్డకోత బొమ్మ, అంటే రోడ్డుని నిలువుగా కోసి చూస్తే ఎక్కడ ఏముంటుందో చూపించే డ్రాయింగ్, మీ వీధిది అడగండి. అది వాళ్ల దగ్గర లేకపోతే ఆ వీధి గురించి వాళ్లు ఇంకా ఆలోచించలేదన్నమాట.

కంచె గురించి ఒక మాట. నేల మీద పట్టాలు వస్తే వీధి రెండుగా చీలుతుంది. ఇవతలి ఇంటి నుంచి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి పోవాలన్నా సర్కిల్ దాకా నడిచి తిరిగి రావాలి. పిల్లల బడి అవతల ఉంటే రోజూ అదే తిరుగుడు. ఆంబులెన్సు, ఫైరింజన్ ఎక్కడ దాటుతాయి? దుకాణాల్లో సరుకు దించే లారీ ఎక్కడ ఆగుతుంది? ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి కానీ ఒక వీధి బతుకు మొత్తం వీటి మీదే ఉంటుంది. ప్రతి దాటే చోటునీ మ్యాపులో గుర్తుపెట్టించండి.

పైకి ఎత్తితే పిల్లర్లకి స్థలం తక్కువే పడుతుంది. కానీ స్టేషన్ దగ్గర మెట్లు, లిఫ్టులు దిగాలి, అవి ఫుట్‌పాత్ మీదో ఎవరిదో స్థలంలోనో దిగుతాయి. నేను చూసినంతలో ఇళ్లు పోయేది నేరుగా పోయే చోట కాదు, మలుపుల దగ్గర, స్టేషన్ల దగ్గర. రైలు ఆటోలా చటుక్కున తిరగలేదు, మూల మీద ఉన్న రెండు మూడు ఇళ్లని కోసుకుంటూ వంపు తిరుగుతుంది. మీ ఇల్లు సర్కిల్‌కి ఎంత దూరమో ముందు చూసుకోండి. నాకు గుర్తున్న ఒక కాలనీలో ఇద్దరు రిటైర్డ్ టీచర్లు తమ వీధిని టేపుతో కొలిచి, ఏ గేటు దగ్గర ఎప్పుడు ఎంత రద్దీ ఉంటుందో రాసి, స్టేషన్ మెట్లు బడి గోడకి అటువైపు దింపితే ఒక్క ఇల్లూ పోదని గీసి తెచ్చారు. ఇంజినీర్లు దాన్ని తీసుకెళ్లి చూశారు, మెట్లు మారాయి. అదే మీటింగ్‌లో రెండు గంటలు మైకు పట్టుకుని తిట్టిన నాయకుడి మాట ఒక్కటీ రికార్డులోకి ఎక్కలేదు.

పైకి ఎత్తడంలో మన ఊరికి ఇంకో చిక్కు, శ్రీనివాస సేతు. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ వంతెన రామానుజ సర్కిల్, లీలామహల్ సర్కిల్, నంది సర్కిల్ మీదుగా ఊరి నడుమ నుంచి పోతుంది. లైట్ రైల్ దాన్ని ఎక్కడో ఒకచోట దాటాలి. పైనుంచి దాటితే అక్కడ ట్రాక్ ఎత్తు మామూలు కంటే బాగా పెరుగుతుంది, పక్క స్టేషన్ కూడా ఎత్తులో ఉంటుంది, ముసలివాళ్లు ఎక్కలేరు. హైదరాబాద్‌లో పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవర్ మీదుగా మెట్రో ఎంత ఎత్తులో పోతుందో చూసినవాళ్లకి అర్థమవుతుంది. రైల్వే లైను దాటాల్సిన చోట రైల్వే శాఖ ఒప్పుకోలు వేరే కావాలి.

ఇప్పుడు మన ఊరికే ప్రత్యేకమైన రెండు విషయాలు, బయటి కన్సల్టెంట్ తనంతట తాను పట్టించుకోడు. ఒకటి రథాలు, ఊరేగింపులు. లైట్ రైల్‌కి పైన కరెంటు తీగ ఉంటుంది, రోడ్డు మీద దాని ఎత్తు మామూలుగా ఐదారు మీటర్లు. గోవిందరాజస్వామి రథోత్సవం, తిరుచానూరులో అమ్మవారి రథోత్సవం, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, ఇవి వెళ్లే దారులకి అడ్డంగా ఆ తీగ, ఆ కంచె వస్తే ఏం చేస్తారు? మామూలు కరెంటు తీగలైతే ఆ పూట సరఫరా ఆపి పక్కకి లాగుతారు, రైలు తీగని అలా లాగలేరు. ఊరేగింపు దారులన్నిటినీ ఒక మ్యాపులో గీసి దేవస్థానం వాళ్ల సంతకంతో అధికారులకు ఇవ్వండి. ఇది ఒక్కటే కొన్ని రూట్లని పక్కన పెట్టించగలదు.

రెండోది వాన నీళ్లు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. మన ఊరికి కొండ ఉత్తరాన, స్వర్ణముఖి దక్షిణాన. కపిలతీర్థం, మాల్వాడిగుండం నుంచి దిగిన నీళ్లు ఊరి మధ్య నుంచి దక్షిణానికి పోవాలి. 2021 నవంబరులో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, లక్ష్మీపురం సర్కిల్ చెరువైంది, రైల్వే అండర్‌పాస్‌లు నిండిపోయాయి. రేణిగుంట నుంచి అలిపిరికి పోయే ఏ గీతైనా ఎక్కువ భాగం తూర్పు పడమరలుగానే పోతుంది, అంటే నీళ్ల దారికి అడ్డంగా. నేల మీద కాస్త ఎత్తు చేసి పట్టాలు వేస్తే అది ఊరి నడుమ కట్టిన చెరువు కట్టే. ఎత్తు అర అడుగైనా చాలు, ఎగువ వీధుల్లో నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. అందుకని 2021లో మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో గోడల మీద మరకలు, అప్పటి ఫోటోలు, వీడియోలు అన్నీ పోగుచేసి, ప్రతి వంద మీటర్లకి ఎక్కడ ఎంత అని రాసి ఇవ్వండి. పట్టాల కింద కల్వర్టులు, అంటే నీళ్లు పోయే తూములు, ఎన్ని, ఎంత వెడల్పు అని అడగండి. మీటింగ్‌లో అందరూ మాట్లాడే సమయం దొరక్కపోతే మిగతావన్నీ వదిలేసినా ఇది వదలొద్దు.

నన్ను మీరు రైలుకి వ్యతిరేకి అనుకోవద్దు. నాకు ఈ ఊళ్లో మంచి ప్రజా రవాణా కావాలి, గట్టిగా కావాలి. రైల్వే స్టేషన్ బయట అర్ధరాత్రి ఆటోవాళ్లు అడిగే రేట్లకి ఏడుపుముఖం పెట్టిన ముసలి జంటల్ని చూస్తూ ఉంటాను. దేవస్థానం ఉచిత బస్సులు ధర్మరథాలు, ఆర్టీసీ బస్సులు లేకపోతే ఆ మాత్రం కూడా ఉండదు. 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, బాగున్నాయి కూడా. కానీ కొత్త గీత గీసే ముందు ఉన్న గీత సంగతి అడగాలి కదా. రేణిగుంట, తిరుచానూరు, తిరుపతి, చంద్రగిరి, ఇవన్నీ ఇప్పటికే ఒకే రైల్వే లైను మీద ఉన్నాయి. తిరుపతి, పాకాల, కాట్పాడి లైను డబ్లింగ్‌కి, అంటే పక్కన రెండో లైను వేయడానికి, 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం కూడా ఇచ్చింది, 104 కిలోమీటర్లు. ఆ లైను మీద చిన్న లోకల్ రైళ్లు తరచుగా నడిపి, స్టేషన్ నుంచి అలిపిరికి బస్సులకి ప్రత్యేక లేను ఇస్తే ఎంతమందికి సరిపోతుంది? దీనికి పోయే ఇళ్లు చాలా తక్కువ ఉండొచ్చు. ఈ ప్రత్యామ్నాయాన్ని విశ్లేషణలో చేర్చమని రాసివ్వండి. చేర్చి, లెక్క తీసి, అయినా లైట్ రైలే మేలని తేలితే నేను కూడా దాని పక్కనే నిలబడతాను.

అలిపిరి దాటి కొండ మీదికి అనే మాట కొందరు కలిపేస్తున్నారు. అది పూర్తిగా వేరే వ్యవహారం, అటు శేషాచలం అడవి, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, ఆగమ విషయాలు. మీ మీటింగ్‌లో దాన్ని ఎత్తితే చర్చ అంతా అటు కొట్టుకుపోతుంది.

మీటింగ్ ఎలా నడపాలి అన్నదానికి వస్తే, అధికారుల్ని శత్రువులుగా చూడకండి. ముందు వరసలో కూర్చున్న ఇంజినీర్‌కి చాలాసార్లు మీ వీధి గురించి తెలుసుకోవాలనే ఉంటుంది, పైవాళ్లకి చూపించడానికి కాగితం కావాలి అంతే. ఆ కాగితం మీరివ్వండి. ఒక్కొక్కరు ఒక్కో విషయం పంచుకోండి, ఒకరు వెడల్పు, ఒకరు నీళ్లు, ఒకరు బడి పిల్లలు. అద్దెకున్న దుకాణదారుల్ని, తోపుడుబళ్ల వాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి, సొంత ఇళ్లవాళ్లే వెళ్తే "వీళ్లకి ఆస్తి విలువే ముఖ్యం" అనుకుంటారు. చెప్పినదంతా రాతలో ఇచ్చి రిసీట్ తీసుకోండి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా వేసి నంబరు తీసుకోండి. మినిట్స్ కాపీ అడగండి, మీరు చెప్పింది అందులో లేకపోతే వెంటనే మళ్లీ రాయండి.

"పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఎలాగూ ఉంటుంది, అప్పుడు చూద్దాం" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ జాబితాలో రైల్వే ప్రాజెక్టులు లేవు, ఆ సభ జరగదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా, దాని మీద బహిరంగ విచారణ ఉన్నాయి కానీ మన రాష్ట్రం 2018లో సవరణ చేసి కొన్ని రకాల ప్రాజెక్టులకి మినహాయింపు తెచ్చుకుంది. అందుకే ముందు దశ మీటింగ్ అంత విలువైనది.

హైదరాబాద్ నుంచి ఒక్క పాఠం తీసుకోండి. సుల్తాన్ బజార్ వ్యాపారులు ఏళ్ల తరబడి గట్టిగా పోరాడారు, రూటు మారుస్తామని ప్రకటనలూ వచ్చాయి, చివరికి 2020 ఫిబ్రవరిలో ఆ దారిలోనే, సుల్తాన్ బజార్ స్టేషన్‌తో సహా రైలు మొదలైంది. పాతబస్తీ వైపు ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా భాగమేమో ఆస్తుల సేకరణ, ప్రార్థనా స్థలాల చిక్కులతో ఏళ్లకేళ్లు ఆగిపోయింది, అక్కడి జనానికి రైలూ రాలేదు, అనిశ్చితీ పోలేదు. గీత గీసేటప్పుడే ఈ విషయాలు తేల్చుకుని ఉంటే రెండు చోట్లా ఇంకోలా ఉండేది అని నా అభిప్రాయం.

పరిహారం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. 2013 చట్టం ప్రకారం నగరంలో మార్కెట్ విలువ, దానిపై నూరు శాతం సొలేషియం, అంటే భూమి బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే మొత్తం. ఆ మార్కెట్ విలువ రిజిస్ట్రేషన్ విలువ నుంచో, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు నుంచో తీస్తారు. మన దగ్గర తక్కువ చూపించి రిజిస్టర్ చేయించే అలవాటు ఉంది, ఆ దెబ్బ ఇక్కడ తగులుతుంది. అద్దెకున్నవాళ్లకీ హక్కుంది, మూడేళ్లుగా అక్కడే జీవనోపాధి ఉన్న కుటుంబం కూడా చట్టం దృష్టిలో బాధిత కుటుంబమే. మీ ఇంటి కింద దుకాణాలు అద్దెకిచ్చి ఉంటే వాళ్లకి అద్దె ఒప్పందం, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు భద్రపరచుకోమని ఈరోజే చెప్పండి. రోడ్డు వెడల్పుకి డబ్బు బదులు టీడీఆర్ బాండ్లు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కుని ఇచ్చే, అమ్ముకోగల పత్రాలు, ఇస్తామంటే, అవి మార్కెట్లో ఎంతకి అమ్ముడుపోతున్నాయో తెలుసుకోకుండా సంతకం పెట్టొద్దు.

ఇక మీ పై అంతస్తు. వాట్సాప్ మ్యాపు చూసి ఆపాల్సిన పని లేదు. మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్లి మాస్టర్ ప్లాన్‌లో మీ వీధి వెడల్పు ఎంతని ఉందో చూడండి, రైలు వచ్చినా రాకపోయినా ఆ గీత ఇప్పటికే అమల్లో ఉంటుంది. మీ ఇంటి ముందు భాగం దాని లోపలికి వస్తుంటే ఆ భాగం మీద కట్టకండి, వెనక భాగంలో వేసుకోండి. ప్లాన్ అనుమతి లేకుండా మాత్రం ఒక్క ఇటుక కూడా పెట్టకండి, రేపు పరిహారం లెక్కించేటప్పుడు అనుమతి లేని అంతస్తుకి గొడవ పడాల్సి వస్తుంది. మీ వీధి వెడల్పు, సర్కిల్ నుంచి మీ ఇంటికి దూరం, 2021లో నీళ్లు వచ్చిన ఎత్తు, ఈ మూడూ కొలిచి ఇక్కడ పెట్టండి, మీటింగ్‌లో ఇవ్వాల్సిన కాగితం రాయడానికి నేను సాయం చేస్తాను.